ఐదు లక్షల్లో పాత స్పోర్ట్స్ కారు: ముందు మ్యాట్ ఎత్తి చూడండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను, ఇంటి అవసరాలకి ఒక చిన్న కారు ఉంది. రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు నడపాలన్నది చిన్నప్పటి కోరిక. ఆదివారం పొద్దున్నే రెండు మూడు గంటలు నడుపుకుంటే చాలు. దీనికోసం ఐదు లక్షలు పక్కన పెట్టాను. ఢిల్లీలో ఒకాయన దగ్గర 1992 మోడల్ మాజ్దా ఎంఎక్స్-5 ఉంది, నాలుగున్నర లక్షలు చెబుతున్నాడు. రిజిస్ట్రేషన్ వేరే రాష్ట్రానిది, 'హైదరాబాద్‌కి నేనే మార్పించి ఇస్తా, ముందు యాభై వేలు బయానా పంపండి' అంటున్నాడు. బెంగళూరులో ఒక సాన్ స్టార్మ్ చూశాను. ఇక్కడే ఏఎస్ రావు నగర్‌లో 2001 హోండా సిటీ వీటెక్ ఒకటి రెండు లక్షల పదివేలకి ఉంది. కానీ అది నాలుగు తలుపుల కారు, చూస్తే మా నాన్నగారి కారులా ఉంది. మా ఆవిడేమో 'డబ్బులు మూసీలో పోసినట్టే' అంటోంది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం:

ముందుగా ఒక్క మాట. ఆ యాభై వేలు ఇంకా పంపకపోతే పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే తిరిగి అడగండి, రాకపోతే అక్కడితో వదిలేయండి. మిగతా నాలుగు లక్షలు మాత్రం ఆ కారు మీద పెట్టకండి.

ఎంఎక్స్-5 చెడ్డ కారని కాదు ఈ మాట అంటున్నది. 1989లో అది వచ్చినప్పటి నుంచి, తక్కువ డబ్బుతో నడిపే ఆనందం కావాలనుకునేవాళ్లకి ప్రపంచమంతా చూపించే కారు అదే. బరువు తక్కువ, ఇంజన్ ముందు, పవర్ వెనక చక్రాలకి. మీ కోరికలో తప్పు లేదు. అయితే మాజ్దా ఆ కారుని మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. అది ఇక్కడ తిరుగుతోందంటే ఎవరో ఒకరు బయటినుంచి తెచ్చి ఉండాలి. మన దిగుమతి నిబంధనల ప్రకారం మూడేళ్లు దాటిన పాత కారుని మామూలు మనిషి తెచ్చుకోవడానికి వీల్లేదు. మూడేళ్ల లోపుదైనా సుంకం కారు ధరనే మించిపోతుంది. అంత సుంకం కట్టి తెచ్చినవాళ్లు బిల్ ఆఫ్ ఎంట్రీని, అంటే దిగుమతికి కస్టమ్స్ దగ్గర దాఖలు చేసే కాగితాన్ని, పెళ్లి పత్రికలా దాచుకుంటారు. ఢిల్లీ ఆయన్ని ఆ ఒక్క కాగితం చూపించమనండి. కస్టమ్స్ ముద్రతో, ఛాసిస్ నంబరుతో ఉన్నది చూపిస్తే అప్పుడు మాట్లాడదాం. 'ఆర్‌సీ ఉందిగా సార్, ఇంకేం కావాలి' అన్నాడంటే విషయం అర్థమైనట్టే. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు భూటాన్ మీదుగా వచ్చిన కార్లని వరసగా పట్టుకున్నారు. వాటికీ మన దేశపు రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. ఎవరి ఇంటి ముందు ఉన్న కారుని వాళ్ల దగ్గరే స్వాధీనం చేసుకున్నారు. దొడ్డిదారిన తెచ్చినవాడు ఎక్కడున్నాడో కానీ, కారు పోగొట్టుకున్నది చివర కొన్నవాళ్లు.

ఇక సాన్ స్టార్మ్. మనవాళ్లు చేసిన రెండు సీట్ల ఓపెన్ కారు అది. 1998లో గోవాలో తయారైంది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో 1149 సీసీ ఇంజన్, అరవై హార్స్‌పవర్. ఆ కారంటే నాకు చాలా ఇష్టం, అందుకే జాగ్రత్త చెబుతున్నాను. ఫైబర్ బాడీ తుప్పు పట్టదు కాబట్టి పైనంతా నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద ఉన్న ఉక్కు ఫ్రేముకి మాత్రం తుప్పు పడుతుంది, అది పైకి కనపడదు. తయారైనవే బహు తక్కువ. ముందు అద్దం పగిలితే, మడిచే పైకప్పు చిరిగితే, తలుపు తాళం విరిగితే షాపులో దొరకవు, చేయించుకోవాలి. మీకు రెండో స్పోర్ట్స్ కారుగా అది బాగుంటుంది. షెడ్డువాళ్లతో, పాత బండి మొండితనంతో రెండేళ్లు వేగాక కొనండి.

మిగిలింది సిటీ వీటెక్. మీరు 'మా నాన్నగారి కారులా ఉంది' అని తీసిపారేసినదాన్ని నేను కొనమంటాను.

ఆ మాట ఊరికే అనడం లేదు. మన దేశంలో పదిహేను, ఇరవై లక్షల స్పోర్ట్స్ కార్లు లేని రోజుల్లో, 1998 నుంచి 2005 మధ్య, కొన్ని మామూలు కార్లలో కంపెనీలు మంచి ఇంజన్లు పెట్టాయి. సిటీ 1.5 వీటెక్ 106 హార్స్‌పవర్. ఫియట్ పాలియో 1.6 వంద. మారుతి బలేనో 1.6 తొంభై నాలుగు. ఫోర్డ్ ఐకాన్ 1.6 ఉంది. కొంచెం తర్వాత వచ్చిన మిత్సుబిషి సీడియా రెండు లీటర్లది ఉంది. ఇవి ఇప్పటి చాలా బండ్ల కంటే తేలిక. స్టీరింగ్ చేతికి రోడ్డుని చెబుతుంది. ఆ సిటీలో ఆర్‌పీఎం ముల్లు ఐదు వేలు దాటాక ఇంజన్ గొంతు మారుతుంది చూడండి, ఒక్కసారి వింటే మర్చిపోరు. పైగా ఆ కారు హైదరాబాద్‌లో వేలల్లో తిరిగింది. రాణిగంజ్‌లోనూ పుట్లిబౌలిలోనూ దానికి చెయ్యి తిరిగిన పార్ట్స్ షాపులవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ పార్ట్ ఏ కారుది సరిపోతుందో వాళ్లకి నోటికొచ్చు. ఆదివారం నడుపుదామని కొన్న కారు సోమవారం నుంచి శనివారం దాకా షెడ్డులో ఉన్నా ఫరవాలేదు. ఆదివారం కూడా అక్కడే ఉంటే మాత్రం మీ సరదా ఆరు నెలల్లో చచ్చిపోతుంది. ఇలాంటి మొదటి కారుకి నేను చూసేది ఇదొక్కటే: దాని పార్ట్స్, దాన్ని ఎరిగిన మేస్త్రీ మీ ఊళ్లో ఉన్నారా లేదా.

ఓపెన్ టాప్ కోరిక తీరదు కదా అంటారు. నిజమే, తీరదు. ఒక సంవత్సరం దీన్ని నడపండి. పాత కారుతో బతకడం మీకు సరిపడిందో లేదో తేలాక స్టార్మ్ సంగతి చూద్దాం.

ఇప్పుడు ఏఎస్ రావు నగర్ కారుని ఎలా చూడాలో చెబుతాను. ఇక్కడ మీరు నిదానంగా చదవాలి, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే.

2011లో ఒక డీలరు దగ్గర ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొన్నాను. పెయింట్ అద్దంలా ఉంది. ఇంజన్ చెవి పెట్టి విన్నాను, నడిపాను, బేరమాడాను, మురిసిపోయాను. జులైలో వికారాబాద్ వెళ్తుంటే చేవెళ్ల దాటాక వాన పట్టుకుంది. కాసేపటికి ఎడమ కాలి కింద చల్లగా తగిలింది. పక్కకి ఆపి మ్యాట్ ఎత్తాను. కింద కార్పెట్ పిండితే నీళ్లు. కార్పెట్ కూడా లాగితే, నేల ఉండాల్సిన చోట ఒక రేకు ముక్క. అరచేయంత. దానికి చుట్టూ నల్లటి సీలెంట్ పూసి, పైన రంగు కొట్టి ఉంది. వేలితో నొక్కితే రేకు కదిలింది, సందులోంచి రోడ్డు మీది నీళ్లు కనిపించాయి. ఆ కారు నాలుగు నెలలు ఆటోనగర్‌లో ఉంది. నేల రేకులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయించడానికి అయిన ఖర్చులో ఇంజన్ మొత్తం దింపి చేయించుకోవచ్చు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. పాత కారులో నేను ముందు చూసేది బాడీ, తర్వాత కాగితాలు, ఆఖరున ఇంజన్. ఇంజన్‌ని బాగు చెయ్యొచ్చు, బోరు కొట్టించొచ్చు, వేరే ఇంజన్ వెతుక్కుని రూలు ప్రకారం ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. కుళ్లిన బాడీకి తేలికైన మందు లేదు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే వేళ డెంటింగ్ చేసిన చోటు అలలు అలలుగా కనిపిస్తుంది. జేబులో ఒక టార్చి, ఫ్రిజ్‌కి అంటించే పలచటి అయస్కాంతం ఒకటి పెట్టుకోండి. అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల వెంబడి, వెనక చక్రాల ఆర్చీల మీద మెల్లగా జరుపుతూ పోండి. పట్టు వదిలేసిన చోట కింద రేకు లేదు, పుట్టీ ఉంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది, రేకు మోగుతుంది, పుట్టీ మూగగా ఉంటుంది. తర్వాత నాలుగు మ్యాట్లూ ఎత్తండి, కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో టార్చి వేయండి. వాన నీళ్లు మొదట నిలిచేది అక్కడే. బోనెట్ ఎత్తి, షాక్ అబ్జార్బర్లు బిగించిన రెండు గుండ్రటి చోట్లు చూడండి. ఫ్యాక్టరీలో వేసిన వెల్డింగ్ చుక్కలు ఒకే వరసలో ఉంటాయి. అవి చెదిరి ఉంటే కారు గట్టిగా గుద్దుకుందన్నమాట. అక్కడ కొత్త పెయింట్ కనిపించినా, రెండు వైపులా ఒకేలా లేకపోయినా, ధర ఎంత తగ్గించినా తిరిగి వచ్చేయండి.

ఇంకో సంగతి. 2020 అక్టోబరు వరదల్లో మన ఊళ్లో ఎన్ని కార్లు సెల్లార్లలో మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక ఉంటే ఆ కారు మునిగింది. సీట్ల కింది స్క్రూలు, స్ప్రింగులు తుప్పెక్కాయా చూడండి. వాటిని ఎవరూ కడగరు.

ఇంజన్ సంగతి త్వరగా చెప్తాను. మీరు వచ్చేలోగా స్టార్ట్ చెయ్యొద్దని ముందు రోజే అమ్మేవాళ్లని అడగండి. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే 'ఎందుకు వేడి చేశారు' అని అడగండి. చల్లటి ఇంజన్ మీద ఆయిల్ మూత తీసి చూడండి, లోపల పాల టీ లాంటి నురగ ఉంటే ఆయిల్లోకి నీళ్లు వెళ్తుండొచ్చు. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, తెల్ల పొగ ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) మీద అనుమానం. తర్వాత ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచండి. మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పాత కారు పడే బాధ అదే కదా. ఇంజన్ వేడి చూపించే ముల్లు మధ్యలో నిలబడిందా, పైకి పాకుతోందా చూడండి. రెండో గేరులోకి వేస్తే గరగరమంటుందా, బ్రేక్ వేస్తే పక్కకి లాగుతోందా గమనించండి. ఇవి చాలు. మిగతాది ఒక మంచి షెడ్డుకి తీసుకెళ్లి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూపించండి. నాలుగు సిలిండర్ల లెక్కలు దాదాపు ఒకేలా ఉండాలి. అంకె కాస్త తక్కువైనా ఫరవాలేదు, ఒక్కటి మాత్రం బాగా పడిపోయి ఉంటే ఆగిపోండి. ఈ ఇంజన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క, కొన్న వారంలోనే మార్పించండి.

కిలోమీటర్ల రీడింగ్ చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పాతికేళ్ల కారులో అది తిప్పి ఉండవచ్చు, మీటరే మారి ఉండవచ్చు. క్లచ్ పెడల్ రబ్బరు, గేర్ నాబ్, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూడండి. అవి అబద్ధం చెప్పవు.

కాగితాల దగ్గరికి వద్దాం. సొంత పెట్రోలు కారుకి మొదటి ఆర్‌సీ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అంటే ఈ కారు 2001లో రిజిస్టర్ అయితే 2016లో ఒకసారి, 2021లో ఒకసారి రెన్యువల్ అయి ఉండాలి. మళ్లీ గడువు 2026. ఈ రెన్యువల్ ఎవరు చేయించాలన్నది బేరంలో పెద్ద విషయం. పదిహేనేళ్లు దాటిన కారుకి 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు ఐదు వేలు చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి పదివేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు, ఫిట్‌నెస్‌కి బండిని సిద్ధం చేసే ఖర్చు వేరు. అందుకే నా సలహా, రెన్యువల్ అమ్మేవాళ్ల పేరు మీదే అయ్యాకే కొంటానని చెప్పండి, కావాలంటే ఆ ఖర్చు ధరలో కలుపుకోమనండి. ఫిట్‌నెస్‌లో ఆగిపోయే బండి అయితే ఆ సంగతి మీ డబ్బులు పోకముందే బయటపడుతుంది.

ఆర్‌సీలో ఇంధనం అన్న చోట ఏముందో చదవండి. ఆ రోజుల్లో మన ఊళ్లో చాలామంది గ్యాస్ కిట్లు పెట్టించుకున్నారు. కిట్ తీసేసి ఆర్‌సీలో మార్పించకపోతే రేపు మీకే తలనొప్పి. లోను ఎప్పుడో తీరినా హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) అలాగే మిగిలిపోయిన ఆర్‌సీలు కూడా ఎక్కువే. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా బదిలీ కాదు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి, ఆర్‌సీతో ఒక్కో అంకె పోల్చండి. పెండింగ్ చలాన్లు అక్కడికక్కడే ఫోన్లో చూసేయండి. కారుని మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఇంట్లో దాచుకోవద్దు. అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్న మీరు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి.

మీ ఉత్తరంలో లేకపోయినా చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. యాభై ఏళ్లు దాటిన కారు, ఒక పాత స్టాండర్డ్ హెరాల్డ్ లాంటిది కొని 'వింటేజ్' రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు కదా అని. 2021లో కేంద్రం ఆ నిబంధనలు తెచ్చింది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ కారుని ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 రోల్స్ రాయిస్ చూసి మనసు పారేసుకోని కార్ల పిచ్చోడు ఈ ఊళ్లో ఉండడు. కానీ మీకు కావాల్సింది ఆదివారం పూట తిరిగే కారు. మామూలు ఆర్‌సీ ఉన్నదే మీకు మంచిది.

డబ్బు లెక్క. కారుకి రెండు లక్షలు మించకండి. లక్షా పాతిక మొదటి ఏడాది పనులకి తీసిపెట్టండి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రేడియేటర్ పైపులు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, అన్ని ఆయిళ్లు, నాలుగు టైర్లు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2318 అంటే 2018లో 23వ వారం. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే మార్చేయండి. ఇంకో పని మర్చిపోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2001లో ఈ కారు రబ్బరు పైపుల్ని దానికోసం చెయ్యలేదు. అవి ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుతుంది. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి, ఫిల్టరు మార్పించండి. వారాల తరబడి కదలకుండా ఉంచితే ట్యాంకులో తేమ చేరి తుప్పు మొదలవుతుంది. కాబట్టి వానాకాలంలో కూడా పదిహేను రోజులకోసారి అయినా ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపండి. మిగిలిన లక్షా డెబ్బై ఐదు వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి.

ఇన్సూరెన్సు థర్డ్ పార్టీ తప్పనిసరి. ఇంత పాత కారుకి పూర్తి ఇన్సూరెన్సు ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. అంటే గీత పడ్డా, గుద్దుకున్నా ఖర్చు మీదే.

మీ ఆవిడ మాట గురించి. ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఢిల్లీ కారు కొని ఉంటే మూసీ అన్నది అక్షరాలా నిజమయ్యేది. ఆవిడని కూడా ఏఎస్ రావు నగర్ తీసుకెళ్లండి. కారు మీద మోజు లేని కళ్లకి మనకి కనపడనివి కనిపిస్తాయి. నేను ఎర్ర కారు కొన్నప్పుడు మా ఆవిడ వెంట వచ్చి ఉంటే, లోపల తడి వాసన వస్తోందని మొదటి నిమిషంలోనే చెప్పి ఉండేది. ఇంకొకటి ఆవిడకి మీరే ముందుగా చెప్పండి. ఆ రోజుల కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేవు. పిల్లలుంటే దూర ప్రయాణాలకి ఇంటి కారే తీయండి. ఇందులో ఎక్కినవాళ్లందరికీ, వెనక కూర్చున్నవాళ్లతో సహా, బెల్టు ఉండాలి.

కొన్నాక ఎక్కడ నడపాలన్నది కూడా చెప్పేస్తాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిగెత్తించాలని అనిపిస్తుంది. అక్కడ తిన్నగా పోవడమే తప్ప నడిపినట్టుండదు, పైగా పాత బ్రేకులతో ఆ వేగం మంచిది కాదు. తెల్లవారుజామున గండిపేట మీదుగా శంకర్‌పల్లి వైపు వెళ్లండి. లేకపోతే నర్సాపూర్ అడవి రోడ్డు. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ ఎంత అందమో, రోడ్డు అంత ఇరుకు, లారీలూ బస్సులూ ఎక్కువ. అక్కడ మూడో గేరులో, కిటికీలు దింపుకుని, నెమ్మదిగా వెళ్లండి. అనంతగిరి మలుపుల దగ్గరికి వచ్చాక ఆ ఇంజన్ గొంతు వినండి.

ఈ ఆదివారం వెళ్లి కారు చూడండి. ఎడమ వైపు ముందు మ్యాట్ కింద ఏం కనిపించిందో నాకు రాయండి. ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది. అది చూశాకే ఎంతకి బేరమాడాలో చెబుతాను.